నాకు తప్ప అందరికీ తెలిసిన జబ్బు

ఆ రోజు సోమవారం. ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసల్లో నిలబెట్టి మాస్ డ్రిల్లు చేయిస్తున్నాను. చీపురుపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను డ్రిల్లు టీచర్ని. విజిల్ ఊదాను. మైదానం నిండా చేతులు పైకి లేచాయి. సరిగ్గా అప్పుడే నా కాళ్ళ కింద నేల పడవలా ఒక పక్కకి ఒరిగింది. చటుక్కున జెండా కర్ర పట్టుకున్నాను. పిల్లలు చేతులు పైకెత్తే ఉన్నారు, నేను దించమనే దాకా దించరు కదా. వాళ్ళని అలా ఎంతసేపు నిలబెట్టానో తెలియదు. నేల మెల్లగా సర్దుకుంది. విజిల్ మాత్రం ఆగలేదు. నోట్లోంచి తీసేశాను, మెడలో తాడుకి వేలాడుతోంది, అయినా ఎడమ చెవిలో సన్నగా మోగుతూనే ఉంది.

అప్పటిదాకా నాకు నా ఒంటితో ఏ తగాదా లేదు. చిన్నప్పుడు పొలం గట్ల మీద పరుగెత్తాను, పెద్దయ్యాక జిల్లా పోటీల్లో పరుగెత్తాను, ఆ కాళ్ళతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. నలభై దాటినా ఎనిమిదో తరగతి పిల్లలతో సమానంగా మైదానం చుట్టూ పది చుట్లు తిరిగేదాన్ని. స్టాఫ్ రూములో తోటి టీచర్లు మోకాళ్ళ నొప్పుల గురించీ షుగర్ గురించీ మాట్లాడుకుంటుంటే కలపడానికి నా దగ్గర మాటే ఉండేది కాదు. కొంచెం గర్వపడేదాన్ని కూడా. అలాంటి ఒళ్ళు మాట మాత్రం చెప్పకుండా, అంతమంది పిల్లల ముందు నన్ను వదిలేసింది. జబ్బు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నమ్ముకున్న మనిషి మోసం చేస్తే వచ్చే కోపం లాంటిదది.

మా ఆయనకి చీపురుపల్లిలో మోటార్లు చుట్టే షాపు ఉంది. కాలిపోయిన వ్యవసాయ మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ సాయంత్రం చెవి సంగతి చెబితే, "నీళ్ళు పోయుంటాయి. రేపటికి తగ్గిపోతాదిలే" అన్నారు.

తగ్గలేదు. ఇంట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు, క్లాసులో పిల్లలు అల్లరి చేస్తున్నప్పుడు తెలిసేది కాదు. ఇల్లు నిశ్శబ్దం అయ్యిందంటే చాలు, కీచురాయి చెవిలో కాపురం పెట్టినట్టు మొదలయ్యేది. దానికి తోడు తల తూలడం. కూరగాయల బండి దగ్గర వంగి లేస్తే తూలేది. స్కూలు మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు ఉందో లేదో అర్థమయ్యేది కాదు. అరచేతుల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. గుండె ఒక్కోసారి ఒక దెబ్బ తప్పి, ఆ తప్పిన దెబ్బని కూడా కలిపి గట్టిగా కొట్టేది.

నేను ఊరికే భయపడే మనిషిని కాదు. కానీ మా అమ్మకీ మొదట తలే తిరిగింది.

ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులవి. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పని నౌపడ దగ్గర ఉప్పు మళ్ళున్న కుటుంబంలో ఇచ్చారు. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే వచ్చి కనిపెట్టుకుని ఉంది. హాస్టల్ ఫోనుకి చేసి, "అమ్మకేటీ నేదే. నరాల బలహీనతంట. నువ్వు పరీక్షలు బాగా రాయి" అంది. మూడు వారాలు అదే మాట చెప్పింది. ఆ మూడు వారాలూ అమ్మ విశాఖలో ఆసుపత్రి మంచం మీద ఉంది. తలలో గడ్డ. ఆఖరి పరీక్ష రాసి బయటికి వస్తే, గేటు దగ్గర అప్ప మొగుడు, మా బావ, నిలబడి ఉన్నాడు. "పద, అమ్మ నిన్ను సూడాలంతంది" అన్నాడు. ఊళ్ళో దిగేసరికి అమ్మని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

అప్ప భుజాలు పట్టుకుని కుదిపేశాను. "ఎందుకు సెప్పనేదే? ఒక్కసారి సూసుకునేదాన్ని కదే?" అని అరిచాను. అప్ప ఏడుస్తూ నా తల కడుపుకి అదుముకుని, "ఇంకెప్పుడూ నీకాడ ఏదీ దాయనే" అంది. ఆ మాట పట్టుకునే నేను అప్పతో మళ్ళీ మాట్లాడగలిగాను.

అందుకే నా తల తిరిగినప్పుడు నాకు నీరసం, ఎండ, గ్యాస్ ఇవేవీ గుర్తుకు రాలేదు. గడ్డ ఒక్కటే గుర్తొచ్చింది.

బీపీ మిషన్ కొనుక్కున్నాను. పొద్దున్నా మధ్యాహ్నమూ సాయంత్రమూ చూసుకునేదాన్ని. ఎక్కువొస్తే ఇంకోసారి, తక్కువొస్తే నమ్మకం లేక ఇంకోసారి. పిల్లల పరుగు పందాలకి వాడే స్టాప్‌వాచ్‌తో నాడి లెక్కపెట్టుకునేదాన్ని. స్నానాల గదిలో తలుపు గడియ పెట్టి, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి, ఎన్ని సెకన్లకి పడిపోతానో చూసేదాన్ని. నిన్నటికన్నా ఒక్క సెకను తగ్గితే ఆ రోజంతా పాడైపోయేది. ఫోన్లో వెతికేదాన్ని. చెవిలో మోత అని కొడితే పది కారణాలు వచ్చేవి. తొమ్మిది మామూలువి. నా కళ్ళు పదోదాని దగ్గరే ఆగేవి.

ఆగస్టులో విజయనగరం వెళ్ళి చెవి డాక్టర్ని కలిశాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. వినికిడి చక్కగా ఉందన్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తలకి స్కానింగ్ చేయించారు. రిపోర్టు చూసి, "ఏమీ లేదమ్మా, అంతా శుభ్రంగా ఉంది" అన్నారు. నేను ఊపిరి పీల్చుకోబోతుండగా, "మీరు కాసేపు బయట కూర్చోండి. మీ వారితో మాట్లాడాలి" అన్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపుకి అద్దం ఉంది. లోపల డాక్టరు ఏదో చెబుతున్నారు. మా ఆయన తల ఊపుతున్నారు. ఒకసారి రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. ఏమీ లేకపోతే అంతసేపు చెప్పడానికి ఏముంటుంది?

బయటికొచ్చాక అడిగాను. "ఏమన్నారండీ?"

"ఏటీ నేదు. నరాల బలహీనతంట. విటమిన్లు రాసేరు."

నరాల బలహీనత. ఆ రెండు మాటలూ విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. అమ్మకి చెప్పిన మాటే నాకూ చెబుతున్నారు. ఇంటికొచ్చే దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బస్సులో ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోని మనిషి ఆ రోజు పట్టుకునేసరికి, గడ్డే అని నాకు ఖాయమైపోయింది.

విటమిన్లని మా ఆయన విడిగా ఒక గోధుమరంగు ప్లాస్టిక్ సీసాలో పోసి తెచ్చారు. రోజూ సాయంత్రం మా అమ్మాయి గ్లాసుతో నీళ్ళూ, అరచేతిలో మాత్రా తెచ్చి, "అమ్మా, విటమిన్" అని ఇచ్చేది. అప్పటికి దానికి పదమూడేళ్ళు. మింగేదాకా నిలబడి చూసేది. నా మీద ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ప్రపంచంలో ఉన్న జబ్బులన్నీ ఫోన్లో వెతికిన దాన్ని, ఆ మాత్ర ఏమిటో ఒక్కసారి కూడా వెతకలేదు. అది మా వాళ్ళ చేతిలోంచి వచ్చింది కాబట్టి.

అప్ప వచ్చింది. సంచిలో ఎండు చేపలు, ఇంట్లో పట్టిన పచ్చడి. వచ్చినదగ్గర్నుంచి నన్ను పని ముట్టుకోనివ్వలేదు. వంటింట్లో మా ఆయనతో ఏదో మాట్లాడుతుంటే నేను నీళ్ళకని వెళ్ళాను. ఇద్దరూ ఆగిపోయారు. అప్ప వెంటనే, "ఈ సేపలు ఎండలో ఇంకో రోజెయ్యాలి" అంది. అంత హఠాత్తుగా చేపల గురించి ఎవరూ మాట్లాడరు.

నేనూ నటించడం మొదలుపెట్టాను. వాళ్ళు దాస్తున్నారు, నాకు తెలిసిపోయిందని తెలిస్తే కుంగిపోతారు, తెలియనట్టే ఉందాం అనుకున్నాను. మా అమ్మాయికి అన్నం వార్చడం, పప్పు తాలింపు పెట్టడం నేర్పాను. బీరువాలో ఏ కాగితం ఎక్కడుందో చూపించాను. అది చెప్పినవన్నీ చేసింది గానీ ఎందుకని అడగలేదు. ఒకసారి దాని జడ అల్లుతూ, ఇంక ఎన్ని జడలు అల్లుతానో అనుకుని, వెనక నిలబడి చప్పుడు కాకుండా ఏడ్చాను.

ఆ ఏడాది మా ఆడపిల్లల కబడ్డీ జట్టు బాగా కుదిరింది. మూడేళ్ళు దగ్గరుండి తయారు చేసిన జట్టు. కెప్టెన్ పదో తరగతి పిల్ల, రైతు కూలీల ఇంటి నుంచి వచ్చింది. కూతకి వెళ్తే ముగ్గురు పట్టుకున్నా గీత దాటి వచ్చేది. జిల్లా పోటీలకి నేను తీసుకెళ్ళలేదు. మైదానం మధ్యలో పడిపోతానేమోనని, వేరే స్కూలు మాస్టారికి అప్పగించాను. ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, మీరు రారా?"

"ఒంట్లో బాగోలేదమ్మా."

"ఊరికే కూకోండి మేడమ్. మీరుంటే సాలు."

తల అడ్డంగా ఊపాను. సెమీ ఫైనల్లో ఓడిపోయి వచ్చారు. ఎవరూ నన్నేమీ అనలేదు. కెప్టెన్ మాత్రం ఆ తరవాత నన్ను చూసి నమస్తే పెట్టేది, నవ్వేది కాదు.

విచిత్రం ఏమిటంటే, సంక్రాంతి సెలవులయ్యేసరికి తల తూలడం బాగా తగ్గింది. నిద్ర పట్టేది. చెవిలో మోత ఉన్నా, దాని పని అది, నా పని నాది అన్నట్టుండేది. దానికీ భయపడ్డాను. పోయేముందు కొన్నాళ్ళు తేలికపడుతుందంటారే, అదేనేమో అనుకున్నాను.

ఫిబ్రవరిలో మా ఆయన ఒక రైసు మిల్లు మోటార్లు చూడటానికి పలాస వెళ్ళి అక్కడే మూడు రోజులు ఉండిపోయారు. సీసాలో ఒక్క మాత్ర మిగిలింది. స్కూలు నుంచి వస్తూ, ఆయన షాపు పక్కనున్న మందుల షాపులో ఆ మాత్ర చూపించి, "ఈ విటమిన్లు ఒక నెలకివ్వండి" అన్నాను.

షాపాయన మాత్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చీటీ తెచ్చారా మేడమ్?"

"విటమిన్‌కి చీటీ ఎందుకండీ?"

"ఇది విటమిన్ కాదు మేడమ్. మోటార్ల షాపు సారు నెలనెలా తీసుకెళ్ళేది ఇదే. బెంగకీ, భయానికీ వాడతారు. చీటీ లేకుండా ఇవ్వకూడదు." నా మొహం చూసి ఆగాడు. "ఎవరికండీ ఇవి?" అన్నాడు మెల్లగా.

మాత్ర తీసుకుని వచ్చేశాను. అక్కణ్ణుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, నా తలలో గడ్డ లేదు. రెండు, ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. మొదటి దానికి నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ రెండోది మొదటిదాన్ని మింగేసింది.

ఇంట్లో మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. మాత్ర దాని పుస్తకం మీద పెట్టాను. "ఇది ఏంటి?"

అది మాత్రనీ నన్నూ చూసింది. కళ్ళు నిండాయి. "నాన్న చెప్పొద్దన్నారమ్మా. చెబితే నువ్వు వేసుకోవన్నారు."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

మాత్ర తీసి మళ్ళీ సీసాలో వేశాను.

ఆదివారం పొద్దున్న రైలెక్కి నౌపడ వెళ్ళాను, అప్పకి తెలియకపోయి ఉంటే బాగుండునని దారంతా అనుకుంటూ. వంటింట్లో ఆ గుసగుసలు ఇంకేదో విషయం మీద అయి ఉండాలని. ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. అప్ప వాకిట్లో చేపలు కడుగుతోంది. నన్ను చూసి లేచింది.

"ఏటే ఇలగొచ్చేసినావు? ఒక్కర్తివే వచ్చినావా? తల తిరగనేదా?"

"నా తలకేటీ నేదు కదే. నీకు తెలీదా?"

అప్ప చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"మీ ఆయన సెప్పినాడా?"

"మందుల షాపాయన సెప్పినాడు."

అప్ప మెట్టు మీద కూలబడింది. "డాక్టరు బాబు రోగం నేదన్నాడంట. లోపల బెంగంట, అమ్మ పోయినకాణ్ణించి ఉన్నాదేమో అన్నాడంట. మీ ఆయన నాకు ఫోన్ సేసి, ఏటి సెయ్యాలి వదినా అని అడిగినాడు. నేనే సెప్పొద్దన్నాను. నీకు సెప్తే ఆ మందు మింగుతావేటే? నన్ను పిచ్చిదాన్ని సేసినారని రచ్చ సేస్తావు గాని."

"నేను సచ్చిపోతాననుకున్నానే!" అన్నాను. "మీరు గుసగుసలాడుకుంతంటే, నాకు అమ్మ రోగమే వచ్చిందనుకున్నాను. ఆర్నెల్లు. రోజూ. పిల్లకి వంట నేర్పేసినాను."

అప్ప మొహం పాలిపోయింది. "అలగనుకుంతన్నావని మాకెలగ తెలస్తాదే?"

"నీకు తెలవాలి. అమ్మకి బాగానేనప్పుడు నువ్వే కదా దాసినావు. మళ్ళీ దాయనన్నావు."

అప్పుడు అప్ప ఒక మాట అంది. ఇరవయ్యేళ్ళుగా అనని మాట.

"అమ్మే సెప్పొద్దందే. మంచం మీద నుంచి నా సెయ్యట్టుకుని, దానికి సెప్పకు, పరీక్షలు మానేసి వచ్చేస్తాది, దాని ఉజ్జోగం పోతాది అంది. నేను ఒట్టేసినాను. నువ్వు నా మీద పడి కొడతన్నా, అమ్మ మాట సెప్పనేదు. నీకు అమ్మ మీద కోపం రాకూడదని."

మళ్ళల్లోంచి ఉప్పుగాలి వస్తోంది. నేను నిలబడే ఉన్నాను. అప్పని జాలిగా చూడాలో, తిట్టాలో తెలియలేదు. ఇరవయ్యేళ్ళు నేను కోపం పెట్టుకున్నది దాయమన్న మనిషి మీద కాదు. ఇప్పుడు ఆ కోపాన్ని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళడానికి అమ్మ లేదు. నా మంచికే అనుకుని ఒకరి తరవాత ఒకరు నా బతుకు సంగతి నాకు తెలియకుండా తేల్చేశారు. అందులో అందరికన్నా ముందున్నది మా అమ్మ. అప్ప కంచంలో అన్నం పెట్టింది. తినకుండా మధ్యాహ్నం రైలుకి వచ్చేశాను.

మా ఆయన షాపులోనే దొరికారు. రాగి తీగ చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అప్ప ఫోన్ చేసి చెప్పేసినట్టుంది.

"తగ్గింది కదా," అన్నారు తలెత్తకుండా.

"తగ్గిందని నాకు తెలియకపోతే తగ్గినట్టెలా అవుతుందండీ?"

"భయం అంటే నువ్వొప్పుకోవు. అంతమంది పిల్లల్ని ఆడించే మనిషివి. నీకు భయమని ఎలగ సెప్పను? నాకే నోరు రానేదు."

"పిల్లకి చెప్పడానికి వచ్చిందే."

ఆయన రాగి తీగ చుట్ట ఒళ్ళోంచి తీసి కింద పెట్టారు.

పౌరుషానికి పోయి ఆ రోజు నుంచే మాత్రలు మానేశాను. అది నేను చేసిన తెలివితక్కువ పని. నాలుగు రోజులు తిరిగేసరికి నేల మళ్ళీ ఊగింది, చెవి హోరెత్తిపోయింది. అయినా ఒక్కదాన్నే విజయనగరం వెళ్ళి పెద్దాయన ముందు కూర్చున్నాను. "నా జబ్బేంటో ఈసారి నాకు చెప్పండి" అన్నాను.

ఆయన ఇబ్బందిపడ్డారు. "మీ వారు మెల్లగా చెబుతానన్నారు. చెప్పే ఉంటారనుకున్నాను" అన్నారు. ఆ తరవాత స్కాన్ ఫిల్ము లైటు మీద పెట్టి, నా తల లోపలిదంతా వేలితో చూపించారు. మోత కల్పన కాదన్నారు, తూలడం నటన కాదన్నారు. భయం ఒంట్లోంచే మాట్లాడుతుందనీ, చెవిని కాపలా కాస్తున్నకొద్దీ చిన్న చప్పుడు పెద్దదవుతుందనీ చెప్పారు. మాత్రలు ఉన్నపళంగా మానకూడదని కోప్పడ్డారు. పది నిమిషాలు పట్టింది అదంతా చెప్పడానికి. ఆ పది నిమిషాలు ఆగస్టులో నాకిచ్చి ఉంటే, నా పిల్లలతో జిల్లా పోటీలకి వెళ్ళేదాన్ని.

మాత్రలు ఇంకో ఏడాది వాడాను. చీటీ నా సంచిలోనే ఉండేది, నేనే కొనుక్కునేదాన్ని. డాక్టరే మెల్లగా తగ్గించి ఆపేశారు. మోత ఇప్పటికీ ఉంది, కొన్ని రోజులు వినబడుతుంది, కొన్ని రోజులు వినబడదు. మైదానంలో పరుగెత్తుతున్నాను. ఆ కబడ్డీ జట్టులో సగం మంది పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయారు. కెప్టెన్‌కి ఆ వేసవిలోనే పెళ్ళి చేశారని తెలిసింది. మా ఆయన మీద కోపం చాలావరకు పోయింది. కానీ ఆయన ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్తే, నేను చేస్తున్న పని ఆపి వింటాను. ఈ అలవాటు ఏ మాత్రకీ తగ్గలేదు.

ఈ మధ్య అప్ప ఫోన్ చేసింది. మెడ దగ్గర గడ్డలా తగులుతోందని, రెండు నెలల నుంచి ఉందని చెప్పింది. "మీ బావకి సెప్పకే. పిల్లలకీ సెప్పకు. కంగారుపడతారు. నీకొక్కదానికే సెప్తన్నాను" అంది.

"నువ్వు సెప్తావా, నేను సెప్పనా?" అన్నాను.

"ఒసే, నమ్మి సెప్తే ఇలగేనా?"

రెండు రోజులు ఆగి, బావకి చెప్పేశాను. విశాఖ తీసుకెళ్ళారు. థైరాయిడ్ గడ్డ, ప్రమాదం లేనిదే. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆసుపత్రిలో నేనూ ఉన్నాను. అప్ప గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు వారానికోసారి బావకి ఫోన్ చేసి అడుగుతాను. బాగానే ఉంది, పచ్చళ్ళు పడుతోంది అంటాడు. "మాటాడతావేటి, మీ సెల్లి" అని బావ ఫోన్ అటు పెడితే, వెనక నుంచి అప్ప గొంతు నాకు స్పష్టంగా వినబడుతుంది.

"పని మీదున్నానని సెప్పు."